కారు రాకముందే కృతజ్ఞతార్పణ

ఆ ఏళ్ళలో మా చర్చి ఆవరణలో కొత్త బండి నిలబడని నెల లేదు. సండూరు కొండల్ని తవ్వి, ఇనుప రాయిని లారీలకెత్తి, ఎక్కడెక్కడి ఓడరేవులకో తోలుతున్న కాలం. తారానగర్ వైపు ఆరేసిన బట్టలు సాయంత్రానికి ఎర్రబడతాయని చెప్పుకునేవారు. బళ్ళారిలో మా డాబా మీది చీరలు కూడా ఆ ఎర్ర దుమ్ము తక్కువేం తినలేదు. నిన్నటిదాకా ఎవరి లారీనో తోలిన మనిషి ఇవాళ రెండు టిప్పర్లకు ఓనరు. ఆరాధన ముగిశాక మా పాస్టరు అయ్యగారు బయటికి వచ్చి బండి ముందు నిలబడి ప్రార్థన చేసేవారు, తాళంచెవి ఓనరు చేతికి ఇచ్చేవారు, ఆ తర్వాత అందరికీ కేకు ముక్కలు పంచేవారు. నేను ఆ కేకు తినేదాన్ని కాదు. కొండ కరిగిపోతుంటే మీకు కేకు ఎట్లా దిగుతుందయ్యా అని ఒకసారి అందరి ముందూ అడిగాను. ఆ రోజు నుంచి పళ్ళెం నా దగ్గరికి రావడం కూడా మానేసింది.

మా సంఘంలో ఇంకో ఆచారం ఉంది. ఇంట్లో మేలు జరిగితే ఒక కవరులో కానుక పెట్టి, ఎందుకిస్తున్నామో పైన రాసి ఇస్తాం. దాన్ని కృతజ్ఞతార్పణ అంటాం. అమ్మాయి పరీక్ష పాసయిందని, కాన్పు సుఖంగా జరిగిందని, ఇంటికి బోరు పడిందని రాస్తారు. ఆదివారం ప్రకటనల్లో సంఘం సెక్రటరీ, అయ్యగారు ప్రసంగం చేసే పుల్పిట్ పక్కన నిలబడి వాటిని పేరుపేరునా చదువుతాడు. అక్కడ చదివిన మాటను మా తాతల కాలం నుంచి ఎవరూ అనుమానించలేదు. మేలు జరిగాకే కదా కవరు ఇస్తారు, అనుమానం దేనికి?

మా అక్క నర్సుగా రిటైరైంది. మా పేటలో సగం మంది ఆమె చేతుల మీదే పుట్టారు. అందరికీ సిస్టరమ్మ. బావ పోయాక నా దగ్గరికి వచ్చి ఉంటోంది. నేను బడిలో టీచర్ని, పెళ్ళి చేసుకోలేదు. చేసుకోలేదని నేనంటాను, కాలేదని ఊరంటుంది. మా ఇంటి వెనక గల్లీలో బట్టలు కుట్టే ఆమె ఒకామె ఉండేది. తెక్కలకోట నుంచి వచ్చిన మనిషి, మా సంఘంలోనే సభ్యురాలు. భర్త లేడు, ఇద్దరు ఆడపిల్లలు బడికి పోతున్నారు. ఉన్నదల్లా మోటారు బిగించిన కుట్టుమిషను ఒకటి. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలన్నా, పిల్లలు బడికి పోవాలన్నా అది నడవాలి. ఆ సంగతి మా పేటలో అందరికన్నా నాకే బాగా తెలుసు, ఎందుకంటే ఆ పిల్లలిద్దరూ నా క్లాసుల్లోనే చదివారు.

ఒక వేసవిలో మేం ముగ్గురం ఎగ్జిబిషన్‌కు వెళ్ళాం. మిక్సీలు అమ్మే ఒక స్టాలు ముందు లిప్‌స్టిక్ వేసుకున్న అమ్మాయి కూపన్లు పంచుతోంది. పేరు, అడ్రసు, ఫోన్ నంబరు రాసి డబ్బాలో వేయమంది. లక్కీ డ్రా అట, ఒక్క పైసా ఇవ్వక్కర్లేదట. ముగ్గురం రాశాం. ఊరికే అంటే చెయ్యి చాచే బుద్ధి నాకూ ఉంది, కాదనను. కాకపోతే ముక్కూ మొహం తెలియని వాళ్ళకు నేను సరైన ఇంటి నంబరు ఎప్పుడూ ఇవ్వను. అందుకే నాకు ఏ కవరూ రాలేదు. వాళ్ళిద్దరికీ వచ్చింది.

మా అక్కకు వచ్చిన కవరు లావుగా, నున్నగా ఉంది. లోపల రంగు రంగుల బొమ్మల పుస్తకం, బంగారు రంగు ముద్ర కొట్టిన ఒక సర్టిఫికెట్, వెండి పూత పూసిన రెండు కార్డులు. మా అక్క తలలోంచి పిన్ను తీసి ఒక కార్డు గీకింది. మొదటి బహుమతి, కారు. కార్డు ఆమె చేతిలోంచి జారి కింద పడింది. వేలమంది పిల్లల బొడ్లు కోసిన చేతులవి, దేన్నీ జారవిడవగా చూడలేదు.

ఉత్తరం నేను చదివాను. చదువుతుండగానే ఒళ్ళు మండింది. కవరు మీద అచ్చేసిన ఊరొకటి, పోస్టాఫీసు ముద్రలో ఊరింకొకటి. ఆఫీసుకు వీధి పేరు లేదు, సెల్ నంబరొక్కటే ఉంది. కంపెనీ అంటాడు, డబ్బు కట్టమన్నది మాత్రం ఎవరో ఒక మనిషి సొంత ఖాతాలో. కారు పంపడానికి ముందే పన్ను, రిజిస్ట్రేషను ఖర్చు మనం కట్టాలి. వారంలోపు కట్టకపోతే బహుమతి ఇంకొకరికి పోతుంది. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో, భద్రత దృష్ట్యా ఈ విషయం ఎవరికీ చెప్పవద్దని ఉంది. మంచి పని చేసేవాడు ఎవడైనా ఎవరికీ చెప్పొద్దంటాడా?

"ఇది మోసం అక్కా. పొయ్యిలో పెట్టు" అన్నాను.

"ఏంది మోసం? సీలు ఉండాది, సంతకం ఉండాది. నాలుగు లారీలు వచ్చినాయి మన సంఘంలో, అవి యాడ నుంచి వచ్చినాయి? దేవుడు ఇయ్యాలనుకుంటే ఇట్లే ఇస్తాడు" అంది మా అక్క.

లారీలు అప్పు చేసి కొన్నారు, వాయిదాలు కట్టలేక చస్తున్నారు అని చెప్పాను. వినలేదు. ఆ కాలమే అలా ఉండేది. కళ్ళెదుటే మనుషులు ఏడాదిలో మిద్దెలు లేపుతుంటే, కష్టపడి సంపాదించడమే తెలివితక్కువతనంలా కనిపించేది. ఆ కవరు పంపినవాడికి ఈ సంగతి తెలుసు. వాడు ఊరూరా వల వేసి ఉంటాడు, కానీ మా ఊళ్ళో వాడు పెద్దగా కష్టపడాల్సిన పని లేకపోయింది.

రెండు రోజుల తర్వాత మా అక్క స్నానానికి పోయినప్పుడు ఆమె సెల్ మోగింది. నేను ఎత్తాను.

"వందనాలమ్మా" అన్నాడు అవతలి మనిషి. మేం ఒకరినొకరం పలకరించుకునే మాట అది. కూపన్ మీద మా అక్క పేరు చూసి, మేం ఎవరమో కనిపెట్టి, ఆ మాట నేర్చుకున్నాడన్నమాట. ఆ దొంగతనానికే నాకు ఎక్కువ మండింది. "ప్రభువు మీ ఇంటిని దర్శించాడమ్మా. శనివారంలోగా కట్టేస్తే బండి బయల్దేరుతుంది" అన్నాడు.

"బాబూ, ఆ ఖర్చేదో కారు అమ్మి అందులో పట్టుకో. మిగిలింది మాకు పంపించు. మాకు అభ్యంతరం లేదు" అన్నాను.

"అది రూల్స్‌లో లేదు మేడమ్."

"మీ ఆఫీసు ఏ వీధిలో ఉంది? పక్కన ఏ కొట్టుంది? చెప్పు, మా బంధువుల్ని పంపిస్తాను, చేతికే ఇస్తారు."

ఫోన్ పెట్టేశాడు. వాణ్ని గెలిచాననుకుని ఆ పూట హాయిగా అన్నం తిన్నాను. వాడు మధ్యాహ్నం నేను బడిలో ఉండగా మళ్ళీ చేసి, మీ ఇంట్లోనే ఎవరో మీ మేలుకు అడ్డుపడుతున్నారు, జాగ్రత్తగా ఉండండి అని మా అక్కకు చెప్పాడు. ఎంత తెలివి. నేను నిజం చెప్పే కొద్దీ నేనే శత్రువునయ్యేట్టు ముందే ఏర్పాటు చేసిపెట్టాడు. వాడి నోరు పడిపోను.

సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మా అక్క అందుకుంది. "నీకు ఓర్వలేనితనం. నీకు జన్మలో ఏమైనా వచ్చిందా? ఒక సంబంధం వచ్చిందా ఈ ఇంటికి? నీ నోరు చూసి వచ్చినోళ్ళు కూడా వెనక్కి పోయిరి. నీకు రాలేదని నాకు వచ్చేది కూడా చెడగొడతాండావు."

ఆ మాట నేను మరిచిపోలేదు. ఇంటికి వచ్చిన సంబంధాల్లో ఒకటి మా అక్క పెళ్ళి ఖర్చుల కోసమే వదులుకున్నామని ఆమెకు తెలుసు. మంచిది, ఇక ఈ విషయంలో నా నోటి నుంచి మాట రాదు, నువ్వు బోర్లా పడేదాకా చూస్తాను అని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. పెట్టుకున్నందుకు సుఖంగా కూడా అనిపించింది.

మర్నాడు ఆమె చర్చిలో స్త్రీల కూటానికి పోయినప్పుడు బల్ల సొరుగు తీశాను. గీకని రెండో కార్డు అందులోనే ఉంది. గీకాను. మొదటి బహుమతి, కారు. రెండు కార్డులకూ ఒకటే కారు, ఒకటే బొమ్మ. ఒక కవరులోనే రెండు మొదటి బహుమతులు పెట్టినవాడు దేశమంతా ఎన్ని పంచి ఉంటాడు? ఇంతకన్నా సాక్ష్యం ఎవరికి కావాలి? ఆ కార్డును తీసుకుని నా బడి సంచిలో దాచుకున్నాను. దాచుకున్నది దాన్ని చూపించడానికే, కాకపోతే ఇప్పుడే కాదు. కారు రాని రోజున, మా అక్క మొహం మాడిన రోజున తీసి బల్ల మీద పెట్టాలని.

మా అక్క బ్యాంకుకు పోయి డబ్బు కట్టింది. అంతటితో ఆగలేదు. కారు రాకముందే కృతజ్ఞతార్పణ కవరు ఇచ్చేసింది. నమ్మి ముందే ఇస్తే దేవుడు మాట తప్పడని ఆమె లెక్క. పై ఆదివారం సెక్రటరీ గొంతు సవరించుకుని చదివాడు. "మన సిస్టరమ్మగారికి దేవుడు కారును బహుమానంగా అనుగ్రహించినందుకు కృతజ్ఞతార్పణ." వస్తుందని కాదు, అనుగ్రహించాడని. చర్చంతా స్తోత్రం అంది. నేను మా అక్క పక్కనే కూర్చుని ఉన్నాను. కార్డు నా ఒళ్ళో సంచిలోనే ఉంది. నేను స్తోత్రం అనలేదు, ఆ మాటకొస్తే ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే బట్టలు కుట్టే ఆమె మా ఇంటికి వచ్చింది. చేతిలో కవరు. అదే నున్నటి కవరు. రెండు వారాలుగా మిషను కింద దారపు కండెల డబ్బాలో పడేసి ఉంచిందట. చిత్తుకాగితం అనుకుందట. చర్చిలో చదివాక తీసి గీకిందట.

"నాకూ కారే తగిలిండాది సిస్టరమ్మా" అంది. "ఫోన్ చేస్తే, కారు వద్దంటే దుడ్లే ఇస్తామంటాండారు. ఆ గాడి తీసుకోని నేనేం చేసుకోను? దుడ్లే తీసుకుంటా. ఈ చలానా ఎట్లా రాయల్లో తెలీలేదు."

"రా, కూచో. నేను రాసిస్తా" అంది మా అక్క. కళ్ళజోడు పెట్టుకుంది. తన చలానా నకలు చూసి ఆ ఖాతా నంబరే అంకె అంకె పలుకుతూ రాసింది.

నేను అదే గదిలో, కిటికీ దగ్గర, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

"కట్టేదానికి ఉందా నీ దగ్గర?" అని అడిగింది మా అక్క.

"మిషను ఇచ్చేస్తా. బజార్లో పాత మిషన్లు కొనేటాయన ఎల్లుండి వచ్చి తీసుకుపోతానన్నాడు. దుడ్లు వస్తానే రెండు కొత్తవి కొంటా. ఒకదాని మీద పెద్దపిల్ల కూచుంటాది." ఈ మాట అంటూ ఆమె మా అక్క వైపు కాక నా వైపు చూసింది. చూసిందని నాకు తెలుసు. నేను తల ఎత్తలేదు. ఎర్ర సిరా పెన్నుతో ఒక పిల్లవాడి తప్పు చుట్టూ సున్నా చుట్టాను.

అప్పుడు నేను ఏమనుకున్నానో దాచకుండా చెబుతాను. మా అక్క లేనప్పుడు రేపు పోయి ఈమెకు చెబుదాంలే అనుకున్నాను. అది పైపై మాట. లోపలి మాట వేరు. ఈమెకు చెబితే ఈమె పోయి మా అక్కకు చెబుతుంది. మా అక్క జాగ్రత్త పడుతుంది, ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. నాకు మా అక్క ఆగిపోవడం ఇష్టం లేదు. వాడు ఇంకా అడగాలి, ఆమె ఇంకా కట్టాలి, బండి ప్రార్థన రోజు అందరి ముందూ ఖాళీ చేతులతో నిలబడాలి. నాకు కావాల్సింది అది. మర్నాడు బడిలో పరీక్షలున్నాయని వెళ్ళలేదు. ఆ మర్నాడు వెళ్ళకపోవడానికి ఏ కారణమూ లేదు.

వాడు మళ్ళీ అడిగాడు, మా అక్క మళ్ళీ కట్టింది. కారు దారిలో ఉంది, ఆదివారం పొద్దున్నే మీ చర్చి గేటు ముందు ఉంటుంది అన్నాడు. మా అక్క అయ్యగారితో మాట్లాడి బండి ప్రార్థన ఏర్పాటు చేసింది. బేకరీలో కేకు చెప్పింది, బానెట్‌కు కట్టడానికి తెల్ల రిబ్బను కొంది. ఆరాధన ముగిసింది, అందరూ ఆవరణలోకి వచ్చారు. గేటు ముందు ఏ బండీ లేదు. మా అక్క ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. ఎండలో జనం కాసేపు నిలబడి, ఒకరి మొహాలొకరు చూసుకుని, మెల్లిగా జారుకున్నారు. కేకు ఎవరూ కోయలేదు. అయ్యగారు మాత్రం ఏదో ఒకటి చెయ్యాలని మా అక్క తల మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన జరుగుతున్నంతసేపూ నాకు నవ్వొచ్చింది. అంత చెడ్డగా ఉంది నా మనసు.

ఇంటికి రాగానే సంచిలోంచి రెండో కార్డు తీసి బల్ల మీద పెట్టాను. నెల రోజులుగా ఎదురుచూసిన ఘడియ.

మా అక్క ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే అరుస్తుందనుకున్నాను. ఆమె కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎప్పుడు గీకినావు ఇది?"

చెప్పాను.

"అంటే నేను చలానా రాసిచ్చేనాటికి నీకు తెలుసు."

"నా నోరు చూసే అందరూ వెనక్కి పోయారన్నావుగా. అందుకే మూసుకున్నాను" అన్నాను. ఆ మాటను కూడా ముందే తయారుగా పెట్టుకున్నాను.

"నన్ను అంటే అను. నేను అన్నదానికి నన్ను కొట్టు. ఆమె ఏం చేసింది నిన్ను?" అంది. అని లేచి, గోడ పట్టుకుని తన గదిలోకి పోయింది. నేను గెలిచాననుకున్న పూట అంతటితో ముగిసింది.

వెంటనే వెనక గల్లీలోకి నడిచాను. ఏమో, మిషన్ల షాపాయన రాకపోయి ఉండొచ్చు, బేరం కుదరకపోయి ఉండొచ్చు అనుకుంటూ. తలుపు తీసే ఉంది. మిషను ఉండే చోట నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు, చుట్టూ ఊడ్చిన నేల. ఆమె గుమ్మానికి దగ్గరగా చాప వేసుకుని, ఎవరిదో చీరకు చేత్తో ఫాల్ కుడుతోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను.

చర్చిలో జరిగింది ఆమె చూసింది కాబట్టి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అయినా చెప్పాను. మోసమని, పోలీసులకు కాగితం రాసిద్దామని, మా అక్క మాట నమ్మి నువ్వు మునిగావని, చర్చిలో చదివేముందు ఆ సెక్రటరీ అయినా కారు ఎక్కడని అడిగి ఉండాల్సిందని. తప్పును ఒక్కొక్కరి మీదా తోసుకుంటూ పోయాను. ఆమె సూది ఆపకుండా విన్నది.

"సిస్టరమ్మను ఏమీ అనొద్దు టీచరమ్మా" అంది చివరికి. "సిస్టరమ్మకు అందరూ మంచోళ్ళే. ఆమె చెప్పిందని నేను కట్టలే. చర్చిలో చదివిరని కూడా కట్టలే. ఆ చలానా బ్యాంకులో ప్యూనైనా రాసిస్తాడు, దానికి మీ ఇంటిదాకా ఎందుకు వస్తాను? నువ్వు ఏమంటావో చూద్దామని వస్తిని."

నా చూపు నేల మీది ఆ నాలుగు కాళ్ళ గుర్తుల మీదికి పోయింది.

"జాకెట్టు చంక కాడ అర వేలు బిగువైతే మూడుసార్లు కుట్లు ఇప్పించినావు నాతో. అయ్యగారినే నిలబెట్టి అడిగేదానివి. మిషను అమ్ముతాండానని నీకు ఇనపడల్లనే గట్టిగా అంటి. నువ్వు తల ఎత్తలే. ఇంత మనిషి నోరు మూసుకోని సుమ్నే ఉండాదంటే ఇది నిజమే అనుకుంటి."

కోపంగా అనలేదు. దారం నోటితో తుంచి, ఇంకో పోగు సూదికి ఎక్కించబోయింది. రెండుసార్లు తప్పింది. నేను గుమ్మంలో వెలుతురుకు అడ్డంగా నిలబడి ఉన్నాను.

"కొంచెం పక్కకు జరుగు టీచరమ్మా" అంది. "ఏమీ కనపడ్తాలేదు."

జరిగాను.